గుర్వమ్మత్తకు మచ్చ పెట్టిన రోజు

మా మేనత్త గుర్వమ్మ తొలిసారి ఓటు వేసిన నాటికి నేను పుట్టలేదు. అయినా ఆ రోజు ఏం జరిగిందో నన్నడిగితే చూసినట్టే చెప్తాను. మా వాడలో పెళ్లి పందిట్లో కూర్చున్నా, కట్టెల మోపులు దించి నీడన ఆగినా, నలుగురు పోగైతే చాలు, ఎవరో ఒకరు ఆ సంగతి ఎత్తేవాళ్లు. ఒకరు మరిచింది ఇంకొకరు అందించేవాళ్లు. విని విని ఆ వరుసలో నేనూ నిలబడ్డట్టే ఉంటుంది నాకు. పుట్టనివాడు సాక్ష్యం చెప్పడమేమిటని తగువుకొచ్చేవాళ్లతో నాకు పని లేదు.

మా ఊరు ఊటకుంట. పొద్దున బయల్దేరితే కోస్గి సంత చేసుకుని చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు. పేరులో ఊటా ఉంది, కుంటా ఉంది. ఊళ్లో మాత్రం రెండూ లేవు. చుట్టూ రాతి గుట్టలు, తంగేడు పొదలు, వానను నమ్ముకున్న జొన్నచేలు. మేం కురుమలం. మాకు చేను ఉన్నా లేకున్నా మంద ఉండాలి. గొర్రె కడుపు నిండితేనే మా పొయ్యి మీదికి కుండ ఎక్కేది.

గుర్వమ్మత్త మనిషి చిన్నది, గొంతు పెద్దది. ఈ గుట్ట మీద నిలబడి కేకేస్తే ఆ గుట్ట మీది గొర్రెలు మేత మాని తలెత్తేవట. ఆమె భర్త మల్లప్ప మామ మెత్తని మనిషి. ఎవరేం అడిగినా ముందు సరేననేసి, ఇంటికొచ్చి నెత్తి పట్టుకుని కూర్చునే రకం. అందుకే పెళ్లయిన కొత్తలోనే మంద బేరాలు అత్త చేతికొచ్చాయి.

మా గొర్రెల బేరం నోటితో చేసేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాలో గొంగడి అంచో కప్పుకుని, లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత ధరో వాళ్లిద్దరికే ఎరుక. చుట్టూ ఉన్నవాళ్లకు మొహాలు తప్ప ఏమీ కనపడవు. ధర కుదిరిందంటే బేరగాడు తడిపిన జాజు, అంటే గోడలకు అలికే ఎర్రమట్టి, వేలితో తీసి గొర్రె వీపు మీద మచ్చ పెడతాడు. మచ్చ పడ్డదంటే ఆ గొర్రె ఇక మనది కాదు. బేరగాడు వచ్చి తోలుకుపోయే దాకా అది మన మందలోనే తిరగొచ్చు, మన చేతి మేతే తినొచ్చు, మనల్ని చూసి అరవొచ్చు. దాని మీద మనకు మాట మాత్రం లేదు. తర్వాత ఏడ్చినా మొత్తుకున్నా బేరగాడు వినడు, వాడ పెద్దలూ వినరు.

మగవాళ్ల ఎదుట కూర్చుని ఇలా వేళ్ల బేరం చేసే ఆడమనిషి చుట్టుపక్కల మా అత్త ఒక్కతే. మొదట్లో వాడంతా నోరు నొక్కుకుంది. పరాయి మగవాడి వేలు ఎట్లా పట్టుకుంటావే అని సైదమ్మ అడిగిందట. సైదమ్మ అత్తకు పక్కింటి మనిషి, వరసకు వదిన, ఆమె లేకుండా ఈమె నవ్వదు. "నాకు వాని వేలెందుకు వదినా, నా గొర్రె మోసపోకుంటే సాలు," అందట అత్త. కొన్నాళ్లకు వాడ అలవాటు పడింది. కొత్తకోట దిక్కు నుంచి వచ్చే బేరగాళ్లు మాత్రం ఆమె ఎదుట కూర్చునే ముందు తువ్వాలతో మొహం తుడుచుకునేవాళ్లు.

అట్లాంటి రోజుల్లో దేశంలో తొలిసారి ఓట్లు వచ్చాయి. నిజాం పోయి నాలుగేళ్లు కూడా నిండలేదు. పై దొరలు మారారని చెప్పుకోవడమే గానీ మా ఊరికి గోపయ్య పటేలు మారలేదు. ఊరి పక్కనున్న బంచరాయి, అంటే ఊరి పశువులన్నీ మేసే బీడు, సర్కారుది. అందులోకి ఎవరి మంద పోవాలో, ఎవరి మంద ఆగాలో చెప్పేది ఆయనే. ఎండాకాలం ఆ బీడు లేకపోతే మా గొర్రెలకు తినడానికి రాళ్లు తప్ప ఏమీ ఉండవు.

ఓట్లకు ముందు రోజు పటేలు మా వాడకొచ్చాడు. ఎవరూ వెయ్యకముందే మంచం వాల్చుకుని కూర్చున్నాడు.

"రేపు మీ వాడ ఓట్లన్నీ నిచ్చెన గుర్తున్న పెట్టెలనే పడాలె. నేను నిచ్చెనోళ్లకు మాటిచ్చిన," అన్నాడు.

గుర్వమ్మత్త అప్పుడు తల్లి రానివ్వని ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని ఇంకో గొర్రె పాలు పట్టిస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"మా ఓట్లకు నువ్వు మాటిచ్చుడేంది పటేలా? మమ్ముల నడిగినవా?"

"మిమ్ముల నడుగుడేందే? పెట్టెల కాడ నా మనిషి కూసుంటడు. ఎవరు ఏ పెట్టెల ఏసిండ్రో సూసి నాకు చెప్తడు. నిచ్చెనకు ఎయ్యనోళ్ల మంద బంచరాయిల అడుగు పెడితే ఊకోను."

ఆయన వెళ్లాక మల్లప్ప మామ అలవాటు ప్రకారం నెత్తి పట్టుకున్నాడు. "ఊకోవే. ఓటుదేముంది, ఇయ్యాల ఉంటది రేపు పోతది. గొర్లు ఎట్ల బతుకుతయి?" అన్నాడు.

"ఓటు నాదన్నరు గదా. ఏసేది నేనే. యాడ ఎయ్యాల్నో నేను అనుకుంట," అంది అత్త.

అన్నదే గానీ ఆమెకూ గుబులుగానే ఉంది. మంద ఆకలితో అరిస్తే ఆ అరుపు విని ముద్ద మింగగలిగే మనిషి కాదు. పటేలు మనిషి నిజంగా లోపల కూర్చుంటే ఓటు తనది కాదు, కూర్చోకపోతే తనది. ఏ సంగతీ అక్కడికి పోతే గానీ తేలదు.

మొత్తం మూడు గుర్తులు, గుర్తుకొక పెట్టె. నిచ్చెన, దీపం, పడవ. నిచ్చెన, దీపం అందరి ఇళ్లలోనూ ఉన్నవే. పడవను మా వాడలో చూసినవాళ్లు లేరు. ఒకసారి ఆలంపూర్ జాతరకు పోయి తుంగభద్ర చూసొచ్చిన ముసలి బీరప్ప తాత ఒక్కడే దాని గురించి చెప్పాడు. గొర్రెలకు నీళ్లు పోసే తొట్టి నీళ్లలో తేలితే అదే పడవ అన్నాడు. తొట్టిలో నీళ్లుండాలి గానీ నీళ్లలో తొట్టి ఉండడమేమిటని ఆడవాళ్లు పొద్దుపోయేదాకా నవ్వుకున్నారు.

మర్నాడు తెల్లారేసరికి వాడ వాడంతా పెళ్లికి బయల్దేరినట్టు తయారైంది. పెట్టెలో దాచుకున్న చీరలు బయటికొచ్చాయి. తలలకు నూనె పడింది. సైదమ్మ కాళ్లకు పసుపు రాసుకుంది. ఓటంటే ఏమిటో తెలియకపోయినా, పిలిచి పేరడిగి చీటీ చేతికిస్తారని విన్నారు. ఇంతవరకు వాళ్లను ఎవరైనా పిలిచారంటే పనికోసమే. బీరప్ప దేవుడి బండారు, అంటే ఆ దేవుడి పసుపు, కొంగుల్లో ముడేసుకున్నారు. ఎందుకైనా మంచిదని ఒకరిద్దరు టెంకాయలు కూడా పట్టుకున్నారు.

చిక్కల్లా గొర్రెల దగ్గరొచ్చింది. అందరికీ ఓట్లుంటే మంద కాసేదెవరు? తాతను ఉండమన్నారు. "నా ఓటు మీ అయ్య ఏస్తడా?" అన్నాడు తాత. చివరికి మందను కూడా తోలుకునే బయల్దేరారు. ముందు డప్పు, వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు, వాళ్ల చుట్టూ గొర్రెలు. దుమ్ము లేచింది. చావడి దగ్గర కాపలా ఉన్న పోలీసు ఆ దుమ్ము చూసి లేచి నిలబడి టోపీ సర్దుకున్నాడట, పెద్ద ఆఫీసరు మోటారు వస్తోందనుకుని.

ఓట్లు వేసే చోటు ఊరి చావడి. ముందు వసారాలో బల్ల వేసుకుని సార్లు కూర్చున్నారు. వెనక గది గుమ్మానికి దుప్పటి కట్టారు. పెట్టెలు దాని వెనక. చావడి అరుగు మీద చేతికర్ర పట్టుకుని గోపయ్య పటేలు. పెద్దమనిషి గనక అందరి తర్వాత వేస్తానని ఆగాడు. ఆగింది మర్యాదకు కాదు, వరుసను కనిపెట్టడానికి. ఢిల్లీకొక చీటీ, పట్నానికొక చీటీ అని రెండు చీటీలు ఉండేవట. మా వాళ్లు చెప్పేటప్పుడు ఒక్కదానితోనే సరిపెట్టేవాళ్లు. నేనూ అంతే సరిపెడతాను.

ఆడవాళ్ల వరుసలో అందరికంటే ముందు గుర్వమ్మత్త. వెనకే సైదమ్మ, ఆమె వెనక మిగతావాళ్లు. పక్క వరుసలో మగవాళ్లు. బల్ల చివర కూర్చున్న సారు పేరు యోహాను. పాలమూరు దిక్కు బడిపంతులు, నెమ్మదస్తుడు. ఆయన ముందు సిరా సీసా, అందులో ఒక పుల్ల.

"అమ్మా, ఎడమ చెయ్యి ఇట్లియ్యి," అన్నాడాయన.

అత్త ఇచ్చింది. చీటీ చేతిలో పెడతాడేమో అనుకుంది. యోహాను సారు ఆమె చూపుడు వేలు పట్టుకున్నాడు. రెండో చేత్తో సీసాలోంచి పుల్ల తీశాడు.

అత్త చెయ్యి లాక్కుంది. పుల్ల ఎగిరి సారు తెల్లచొక్కా మీద పడింది.

"బేరం కాకుంటనే వేలు వట్టుకుంటివేంది సారూ? మచ్చ పెడ్తవేంది?"

"బేరమేందమ్మా? అందరికీ పెట్టేదే."

"అందరికా?" అత్త వెనక్కి తిరిగి మందలోకి వేలు చూపింది. ముందురోజే కొత్తకోట బేరగాడు కొని మచ్చ పెట్టిపోయిన పొట్టేలొకటి వీపు మీద ఎర్రమచ్చతో నిశ్చింతగా చావడి పందిరి ఆకులు పీకి తింటోంది. "గా మచ్చ సూసినవా? గది అమ్ముడుపోయింది. దానికి ఎరుక లేదు గని, నాకు ఎరుకే."

అంతే. ఆ ఒక్క మాటతో రెండు వరుసలూ కదిలిపోయాయి. నిన్న పటేలు మాటిచ్చానన్నాడు. ఇవాళ సర్కారువాళ్లు వేలు పట్టుకుని మచ్చ పెడుతున్నారు. ఇంకా అర్థం కానిదేముంది? మాట అక్కడ, మచ్చ ఇక్కడ. బేరం మన వెనక జరిగిపోయింది. కురుమలందరూ ఎడమ చేతులు చంకల్లో దాచుకుని వరుస వదిలేసి వెనక్కి పోయారు. చావడి ముందు గొర్రెల నడుమ చతికిలబడ్డారు. ఎవరో చెప్పగా మాదిగవాడ జనం కూడా ఆగిపోయారు. వాళ్లకు గొర్రెల బేరం లేకపోయినా పటేలు సంగతి తెలుసు.

బల్ల అవతలి చివర్నుంచి పెద్దసారు పరుగెత్తుకొచ్చాడు. పట్నం మనిషి, సగం ఉర్దూ, సగం తెలుగు. "క్యా హువా? ఓటింగ్ ఎందుకు బంద్ అయింది?" అన్నాడు. యోహాను సారు చొక్కా తుడుచుకుంటూ జరిగింది చెప్పబోయి, చెప్పలేక నవ్వు ఆపుకున్నాడు. గొర్రెలా, మచ్చలా, ఏం గొర్రెలు అని పెద్దసారు అడుగుతుండగానే ఒక మేకపోతు అరుగెక్కి ఆయన కాగితం అంచు నోట్లో పెట్టుకుంది. దాన్ని వదిలించడానికి పోలీసు రావాల్సి వచ్చింది.

ఇంకొకసారి ఓటు వేయకుండా ఈ గుర్తు అని యోహాను సారు ఓపిగ్గా చెప్పాడు. "ఒక్కపారి వచ్చెటందుకే మందను తోలుకొస్తిమి. మళ్లొక పారి ఎవరొస్తరు సారూ?" అంది సైదమ్మ. చెరిపేసుకోవచ్చా అని ఇంకొకామె అడిగింది. చాలా రోజులు పోదమ్మా అన్నాడాయన, అబద్ధం చెప్పలేక. దాంతో ఉన్న అనుమానం గట్టిపడింది. మా జాజు కూడా తొందరగా పోదు.

ఇప్పుడు చెమటలు పట్టాయి గోపయ్య పటేలుకు. మాటిచ్చిన ఓట్లన్నీ గొర్రెల నడుమ కూర్చుని వక్కాకు నములుతున్నాయి. కర్ర పక్కన పెట్టి దిగొచ్చాడు. "ఏం కాదే గుర్వీ, పెట్టించుకో. పెట్టించుకోండ్రే. నేను చెప్తున్న గద," అన్నాడు, ఎన్నడూ లేని మెత్తదనంతో.

ఆ మెత్తదనమే చెడగొట్టింది. బేరగాడు ఎప్పుడు మెత్తబడతాడో మా అత్తకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆమె పటేలు మొహం చూసింది. ఆయన చేతులు చూసింది. అన్ని వేళ్లూ శుభ్రంగా ఉన్నాయి.

లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "సారూ, అందరికి పెడ్తనంటివి. పటేలుకు గూడ పెడ్తవా?"

"పెడ్తనమ్మా. ఓటేసే ప్రతి మనిషికీ."

"గదే వేలికి? గదే సీసాల నుంచి?"

"గదే."

"అయితే ముందుగాల పటేలుకు పెట్టు. నేను నిలవడి సూస్త."

పటేలు తాను ఆఖర్న వేస్తానన్నాడు. సాయంత్రం వస్తానన్నాడు. ఒంట్లో నలతగా ఉందన్నాడు. పెద్దసారుకు సహనం అయిపోయింది. ఇట్లాగే ఉంటే ఈ ఊళ్లో పొద్దుగూకేదాకా ఒక్క ఓటూ పడదు. "పటేల్ సాబ్, జర మీరే ముందు వెయ్యండి, జల్దీ," అని భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. ఊరంతా చూస్తుండగా గోపయ్య పటేలు బల్ల ముందు నిలబడి ఎడమ చెయ్యి చాపాడు. ఉంగరం ఉన్న చెయ్యి. బడిపంతులు యోహాను ఆ చూపుడు వేలు పట్టుకున్నాడు. పుల్ల ముంచాడు. గోరు మొదట్లో నల్లగా ఇంత మచ్చ పెట్టాడు.

సరిగ్గా అప్పుడు వెనక కూర్చున్నవాళ్లలో ఎవరో గొర్రె అరిచినట్టు సన్నగా అరిచారు. ఎవరో ఇప్పటికీ తేలలేదు. మా వాడలో కనీసం అరడజను మంది ఆ అరుపు తమదేనని చచ్చేదాకా చెప్పుకున్నారు. ఆ అరుపుకు మందలోంచి నిజం గొర్రె ఒకటి జవాబిచ్చింది. ఇక ఆగలేదు జనం. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. తాతకు పొలమారింది. పోలీసు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పటేలు మొహం జాజు రంగుకొచ్చింది. నాకు అక్కడ లేకపోతినే అని దిగులు పుట్టే ఘట్టం ఇదొక్కటే.

గుర్వమ్మత్త మాత్రం నవ్వలేదు. ఆలోచించింది. తర్వాత వాడంతటికీ వినపడేట్టు, ఆ గుట్ట మీది గొర్రెలు కూడా తలెత్తేట్టు చెప్పింది.

"నేను ఇన్ని బేరాలు చేసిన. కొనేటోనికి మచ్చ పెట్టుడు యాడ సూడలె. పటేలుకు గూడ పడ్డదంటే గీయన బేరగాడు కాడు. మనలెక్కనే మందల ఉన్నోడు. లేవుండ్రి."

లేచారు. చంకల్లోంచి చేతులు బయటికొచ్చాయి. ఇందాక మచ్చ వద్దని పారిపోయినవాళ్లు ఇప్పుడు నాకు ముందు, నాకు ముందు అని తోసుకున్నారు. పటేలు వేలికి పెట్టిన మచ్చే తమకూ కావాలని, అంతకంటే చిన్నది పెడితే ఒప్పుకోమని యోహాను సారుతో పేచీ పెట్టారు. పటేలు లోపలికి పోయి చీటీ వేసి, ఎవరి మొహమూ చూడకుండా మళ్లీ అరుగెక్కి కూర్చున్నాడు. ఆయన చేతిలో ఇంకా ఒక బెదిరింపు మిగిలే ఉంది. అత్త వేలికి మచ్చ పెట్టించుకుని చీటీ అందుకుంటుంటే వంగి మెల్లగా అన్నాడు, "లోపల నా మనిషున్నడు, యాదుంచుకో."

అత్త దుప్పటి తొలగించుకుని లోపలికి పోయింది.

ఈ భాగం మాత్రం అత్త నోటితో విన్నదే. లోపల కాస్త మసక. బల్ల మీద మూడు పెట్టెలు, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ. ముందు గుమ్మం పక్కన చూసింది. ఎవరూ లేరు. బల్ల కింద వంగి చూసింది. లేరు. పెట్టెల వెనక చెయ్యి పెట్టి తడిమింది. గోడ తగిలింది. ఒకవేళ మనిషి పెట్టెలోనే ఉన్నాడేమో అని ఒక పెట్టె మీద వేలితో తట్టి చెవి ఆనించింది. పలకలేదు. పైన దూలాలు కూడా చూసింది. ఒక బల్లి ఉంది. అది పటేలు మనిషిలా అనిపించలేదు.

తానొక్కతే ఉందని అర్థమైంది. అప్పుడు నవ్వొచ్చిందట. ఎందుకొచ్చిందో తెలియదు, ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, బల్ల పట్టుకుని, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. బయట్నుంచి యోహాను సారు "అయిందా అమ్మా?" అని పిలిచాడు. "నిలవడు సారూ, నా ఓటు నేను ఏసుకోవద్దా?" అంది. కొంగు ముడి విప్పి బండారు తీసి మూడు పెట్టెలకూ బొట్టు పెట్టింది. ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టకపోతే ఏ దేవుడు అలుగుతాడో అని. ఆ తర్వాత చీటీ వేసింది.

బయటికొచ్చింది. పటేలు ఆమె మొహంలోకి చూశాడు. అక్కడ ఆయనకు పసుపు మరక తప్ప ఏమీ దొరకలేదు. ఆమె సైదమ్మ పక్కనుంచి నడుస్తూ, ఆగకుండానే చెవిలో చెప్పింది.

"లోపల ఎవ్వరు లేరు."

"ఎవ్వరు లేరా?"

"బల్లి తప్ప."

సైదమ్మ వెనకున్నామెకు చెప్పింది. ఆమె ఆ వెనకామెకు. మాట ఆడవాళ్ల వరుస చివరిదాకా పోయి, మగవాళ్ల వరుస చివర మొదలై, ముందుకొచ్చింది. మాటతోపాటు నవ్వూ ప్రయాణం చేసింది. ఏ మొహం దగ్గరికి మాట చేరిందో దూరం నుంచే తెలిసిపోయేది. పటేలు అరుగు మీద తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఏం నవ్వురా అది? ఏందిరా?" అంటున్నాడు. ఎవరూ చెప్పలేదు. మాదిగవాడ వరుసకూ ఆ మాట అందింది. లోపలికి పోయిన ప్రతి మనిషీ కాసేపు ఆలస్యంగా బయటికొచ్చారు. అందరూ బల్లిని చూసే వచ్చారు. మల్లప్ప మామ కూడా పోయాడు. బయటికొచ్చినప్పుడు ఆయన నెత్తి మీద చెయ్యి లేదు. ఛాతీ కాస్త ముందుకు ఉంది.

సాయంత్రం యోహాను సారు పెట్టెలకు సీలు వేస్తుంటే మూడు పెట్టెలూ పసుపుతో మెరిశాయట. ఆయన వేళ్లకు ఒకవైపు సిరా, ఒకవైపు బండారు. పోతూ పోతూ మా వాడలో మజ్జిగ తాగి వెళ్లాడు.

తాలూకా కచేరిలో లెక్కపెట్టారు. మా ఊరి నిచ్చెన పెట్టెలో చీటీలు అడుగు కూడా కప్పలేదని కబురొచ్చింది. మర్నాడు పొద్దున్నే గోపయ్య పటేలు బంచరాయి మొదట్లో అడ్డంగా నిలబడ్డాడు. మందలొచ్చాయి.

"నువ్వెవరికి ఏసినవే?" అని సైదమ్మను అడిగాడు.

"నీకే ఏసిన పటేలా," అంది సైదమ్మ, దండం పెట్టి.

"నువ్వురా మల్లప్పా?"

"నీ నిచ్చెనకే పటేలా. ఒట్టు."

తాత వేశాడు. తాత కోడలు వేసింది. వచ్చినవాళ్లందరూ నిచ్చెనకే వేశారు. ఒక్కరు కూడా తప్పు ఒప్పుకోలేదు. ఎవరిని ఆపాలి? అందర్నీ ఆపితే ఆయన మేపడానికిచ్చిన సొంత గొర్రెలూ మల్లప్ప మామ మందలోనే ఉన్నాయి, అవీ ఎండుతాయి. చివర్న గుర్వమ్మత్త వచ్చింది. ఆమెను అడగడానికి పటేలు నోరు తెరిచి, ఏమనుకున్నాడో, మూసుకుని పక్కకు తొలిగాడు. మంద బీడులోకి పరుగెత్తింది.

అత్త ఆ తర్వాత చాలాసార్లు ఓటేసింది. నాకు మీసాలొచ్చాక ఒకసారి పట్టుబట్టి అడిగాను. పటేలు పోయాడు, ఓట్లకు నిలబడ్డవాళ్లూ పోయారు, మామ కూడా పోయాడు. ఇప్పుడన్నా చెప్పు అత్తా, ఆ తొలి ఓటు ఎవరికేశావని. ఆమె కట్టె పుల్లతో పొయ్యి ఎగదోస్తూ నవ్వింది. మామకు కూడా చెప్పలేదట. ఆయన అలిగి ఒక పూట తినలేదట, అయినా చెప్పలేదట.

"ఎందుకత్తా?"

"ఇల్లు మీ మామ పేరు మీద. మంద మీ మామ పేరు మీద. నేను పుట్టినంక నా ఒక్కదానిదే అన్నది గదొక్కటే కొడుకా. గది గూడ నీకిచ్చి, నేనేం పెట్టుకోవాలె?"